శరత్కాలమున ఇల్లు చక్కబెట్టుకొనుట

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన ఇంటిని నిలుపుకొని చూడు అని మాత్రము ఎవరును చెప్పలేదు. కట్టుట ఒక పర్యాయము జరుగు పని. నిలుపుకొనుట ఏటేట జరుగవలసిన పని. మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఈ రెండవ పనికి తగిన సమయము సంవత్సరమునకు ఒక్కమారు వచ్చును. అది ఆశ్వయుజ కార్తిక మాసముల శరత్కాలము. పిల్లలకు దసరా సెలవులు వచ్చునదియు ఆ దినములలోనే. ఈ సంచిక తమ చేతికి అందునప్పటికి ఆ దినములు గడచిపోయి యుండవచ్చును. అయినను రాబోవు ఏటికి ఉపయోగపడునను తలంపుతో తలిదండ్రులకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ తలంపు కలుగుటకు ఒక చిన్న కారణము కలదు. త్రైమాసిక పరీక్షలు ముగిసిన దినమున ఏడవ తరగతి పిల్లలను, మీ ఇంటి భాగముల పేర్లు తెలుగున వ్రాయుడని అడిగితిమి. గోడ, తలుపు, కిటికీ, మెట్లు అని అందరును వ్రాసిరి. అటుపిమ్మట కలములు ఆగిపోయినవి. పెంకుటింటిలో పుట్టి పెరిగిన బాలుడును చూరు అను మాట వ్రాయలేదు. కొందరు దూలమును బీము అనిరి. కొందరు వాసమును వట్టి కట్టె అనిరి. ఒక బాలిక మాత్రము దూలము, వాసము, రీపు, కొప్పు పెంకు, చూరు, అరుగు అని పైనుండి క్రిందికి వరుసగా వ్రాసి చూపినది. ఎట్లు తెలిసినదని అడిగితిమి. “మా తాత పెంకులు సర్దేటప్పుడు నేను కింద నిలబడి అందిస్తాను సార్” అని చెప్పినది. మేము ముప్పది ఏండ్లుగా తెలుగు బోధించుచున్నవారము. మాటలను పుస్తకము నుండి నేర్పవచ్చునని నమ్మినవారము. ఆ దినమున ఆ నమ్మకము కొంత సడలినది. చూరు అను మాట ఆ పిల్లకు వాచకము నేర్పలేదు, నిచ్చెన నేర్పినది.

మొదట కాలమును గూర్చి చెప్పవలెను. నైరృతి ఋతుపవనము సెప్టెంబరు చివరకు బలహీనపడును. ఈశాన్య ఋతుపవనము తమిళనాటికి సాధారణముగా అక్టోబరు 20 ప్రాంతమున వచ్చును. మన హోసూరు సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున, మైసూరు పీఠభూమి అంచున ఉన్నది. కృష్ణగిరి అంతకంటె వెయ్యి అడుగులకు పైగా దిగువనున్నది. మనకు సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఉరుములతో కూడిన వానలు మెండు. కావున ఒక ఋతుపవనము పోయి రెండవది వచ్చు నడుమ మనకు దొరకునది హస్త, చిత్త కార్తెలలోని కొన్ని తెరపి దినములు మాత్రమే. అవియైనను వరుసగా దొరకవు. రెండు దినములు ఎండ కాయును, మూడవనాటి సాయంకాలము మబ్బు పట్టును. వేసవిలో చేసికొనరాదా అని అడుగవచ్చును. చేసికొనవచ్చును. కాని ఇల్లు ఎచ్చట కారునో వేసవి చెప్పదు. మొదటి వానలు తప్పును చూపును, రెండవ వానలు దానికి దండన విధించును. ఆ రెంటి నడుమ నున్న గడువే శరత్తు.

దండన యనుట అతిశయోక్తి కాదు. 2024 నవంబరు చివర ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరము దాటి లోనికి వచ్చినప్పుడు, మన జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క దినమున 50 సెంటీమీటర్ల వాన కురిసినది. మన జిల్లాలో ఏడాది పొడవున కురియు వానలో సగమునకు మించిన వాన అది. రోడ్డు ప్రక్కన నిలిపిన వాహనములు కాగితపు పడవలవలె కొట్టుకొనిపోవుట తాము చూచియే యుందురు. అటువంటి వానకు ఏ మరమ్మతును చాలదనుట నిజము. కాని అంతటి వాన ఎన్నడో ఒకనాడు వచ్చును. ఇండ్లను పడగొట్టునది ప్రతి సంవత్సరము వచ్చు సాధారణపు వానయే.

పని ఎచ్చట మొదలుపెట్టవలెను? మా తండ్రిగారు దీనికి ఒక సూత్రము చెప్పెడివారు: “నీళ్ళు ఎట్ల పోతాయో నువ్వూ అట్లే పో.” వాన మొదట కప్పుమీద పడును, చూరునుండి జారును, గోడ పాదమును తాకును, పెరటిగుండ పారును, పొలము గట్టు చేరును, చివరకు చెరువులో కలియును. మరమ్మతును ఆ వరుసనే సాగవలెను. పెరటి కాలువ త్రవ్వి ముగించిన పిమ్మట పెంకులు దింపినచో పగిలిన ముక్కలన్నియు కాలువలోనే పడును. ఇది మేము స్వయముగా చేసి తెలిసికొన్న సంగతి.

పెంకుటిల్లు గలవారు మొదట ఇంటి లోపల నిలిచి పైకి చూడవలెను. మిట్టమధ్యాహ్నము తలుపులు మూసి చూచిన, పగిలిన పెంకు ఉన్నచోట వెలుతురు చుక్కవలె కనబడును. ఆ చోటున క్రిందనుండి సుద్దతో వాసముమీద గుర్తు పెట్టవలెను. వాసములను కఱ్ఱతో తట్టి చూడవలెను. గట్టి వాసము గణగణమనును, చెదలు తిన్నది డొల్లగా పలుకును. డొల్ల వాసము నుంచి దానిపై క్రొత్త పెంకులు పరచుట వ్యర్థము. పైకి ఎక్కువారు పెంకులమీద నేరుగా అడుగు వేయరాదు. వాసములకు అడ్డముగా పలక పరచి దానిపై కూర్చుండి పని చేయవలెను. క్రింది వరుస పెంకును పై వరుస పెంకు కప్పియుండవలెను. ఎండుటాకులు ఆ సందున చేరిన నీరు వెనుకకు తిరిగి లోనికి దిగును. కొప్పు పెంకుల క్రింద సున్నము రాలిపోయి యుండునేమో తప్పక చూడవలెను, ఏలయన ఎక్కువ ఇండ్లు అచ్చటనే కారును. మన ప్రాంతమున కోతుల బాధ కూడ కలదు. దానికి మాకు ఉపాయము తెలియదు, ప్రతి సంవత్సరము ఇరువది ముప్పది పెంకులు ఎక్కువ తెచ్చియుంచుకొనుట తప్ప.

రెండు జాగ్రత్తలు చెప్పక తీరదు. నిచ్చెన వేయుటకు ముందు కరెంటు మెయిను కట్టివేయవలెను. పెరటిలో పేర్చియుంచిన పాత పెంకుల గుట్టలో చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో కదిలించి చూడవలెను. తేళ్ళకు అంతకంటె ప్రియమైన నివాసము లేదు. పిల్లలను పని చూడనిండు, అందించనిండు. పైకి మాత్రము ఎక్కనీయకుడు.

సిమెంటు రేకుల ఇండ్లవారికి ఒక్క మాట. ఆ రేకులలో చాలవరకు రాతినార, అనగా ఆస్బెస్టాస్, కలిసియుండును. పొడిరేకును కోసినను, తొలిచినను లేచు ధూళి ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరువాత రోగము కలిగించును. నీటితో తడిపిన పిమ్మటనే పని చేయవలెను, పిల్లలను దూరముగా పంపవలెను. విరిగిన రేకును పొడి కొట్టి వాకిట పరచుట కొన్నిచోట్ల చూచితిమి. అది కూడదు.

ఇక గోడలు. ఈ విషయమున మేము కొంత విస్తరించి వ్రాయుదుము, ఏలయన మేము చేసిన తప్పు ఇచ్చటనే యున్నది.

మా పూర్వికుల ఇల్లు బాగలూరు దాటిన మెట్టప్రాంతపు పల్లెలో నున్నది. మట్టిగోడలు, రాతి పునాది, పెంకు కప్పు. ప్రతి శరత్తున గోడ పాదమునకు మట్టిపూత వేయుట మా తల్లిగారి పని. ఉద్యోగము దొరికి జీతము చేతికి వచ్చిన క్రొత్తలో, ఏటేట ఈ శ్రమ ఆమెకు ఏలయని తలచి, 2001లో తూర్పు గోడకు వెలుపల సిమెంటు పూత పూయించితిమి. గోడ అద్దమువలె నున్నదని ఊరివారు మెచ్చుకొనిరి. మేస్త్రీ ఒకమారు తల గోకికొని “మట్టిమీద ఇది పట్టదేమో సార్” అని అన్నాడు. మేము చదువుకొన్నవారము గదా, వినలేదు. 2005 వానలలో ఒక రాత్రి ఆ గోడ అడుగునుండి జారి కూలినది. పూత చెక్కుచెదరక పెద్ద పలకవలె అటు పడినది. లోపలి మట్టి బురదవలె ఇటు పడినది. గోడనానుకొని కట్టిన దూడ చనిపోయినది. మా తల్లిగారు ప్రతి రాత్రియు ఆ ప్రక్కనే పండుకొనెడివారు. ఆ రాత్రి చలి ఎక్కువగా నుండుటచే లోపలి గదిలోనికి వచ్చిరి. మేస్త్రీని అనవలసినది ఏమియు లేదు.

కారణము తరువాత తెలిసికొంటిమి. మట్టిగోడ నేలనుండి చెమ్మను పీల్చును. ఎండ తగిలినప్పుడు తన ముఖమునుండి దానిని విడుచును. ఇట్లు పీల్చుచు విడుచుచు నూరేండ్లయినను నిలుచును. సిమెంటు పూత ఆ విడుచు దారిని మూసివేయును. చెమ్మ లోపల నిలిచి గోడ పాదమును మెత్తబరచును. అంతేగాక మట్టి, సిమెంటు ఒకే విధముగా వ్యాకోచింపవు, సంకోచింపవు. కొంతకాలమునకు రెంటినడుమ సందు ఏర్పడును. పైనుండి దిగిన నీరు ఆ సందున చేరును. వెలుపల చూచువానికి ఏమియు కనబడదు. మట్టిపూత చెడినచో పగుళ్ళు చూపి ముందుగనే చెప్పును, సిమెంటు చెప్పదు.

మట్టిపూత చేయు విధము ఇది. చెరువుమట్టిగాని ఎఱ్ఱమట్టిగాని తెచ్చి, గరుకు ఇసుక కలిపి, పిడికెడంత ముద్ద చేసి నీడన ఎండబెట్టవలెను. ముద్ద పగిలినచో ఇసుక చాలలేదు. వ్రేలితో రుద్దగా రాలిపోయినచో మట్టి చాలలేదు. పాళ్ళు కుదిరిన పిమ్మట తరిగిన గడ్డి, పేడనీరు కలిపి, వారము దినములు నానవేసి, దినమునకొకమారు త్రొక్కవలెను. పులిసిన వాసన వచ్చినప్పుడు మట్టి పక్వమైనదని తెలియవలెను. గోడను తడిపి, పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. ఒక పూత ఆరనిదే మరియొకటి వేయరాదు. తొందరపడి ఒక్కమారే మందముగా వేసినది రాలిపోవును. గోడ పాదమున జానెడెత్తు వరకు మాత్రము మందముగా వాటముగా, నీరు నిలువక జారిపోవునట్లు తీర్పవలెను. చూరునుండి పడు నీరు నేలను కొట్టి ఎగిరి గోడను తాకునచటనే మట్టి ఎక్కువగా కరగును. ఆ చోట నేలమీద కంకర పరచినచో నీరు అంతగా ఎగురదు.

మాది మిద్దె ఇల్లు, మాకీ బాధ లేదని చాలమంది తలిదండ్రులు అనుకొందురు. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చినది మొదలు హోసూరు చుట్టుప్రక్కల మిద్దెలు పెరిగినవి, అది సంతోషమే. కాని మిద్దెకు వచ్చు రోగము మెల్లగా వచ్చును. కప్పుమీది నీటి గొట్టపు మూతిలో ఆకులు చేరి నీరు నిలుచును. నిలిచిన నీరు సన్నని పగులునుండి దిగి లోపలి ఇనుప కమ్మిని చేరును. ఇనుము త్రుప్పు పట్టినప్పుడు మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడును. ఊడినచోట సున్నము పూసి దాచుట కాక, త్రుప్పు గీకి, కమ్మి చుట్టునున్న వదులు భాగమును తొలగించి పూడ్పించవలెను. పిట్టగోడ సందున మొలచిన రావిమొక్కను చిన్నదిగా నున్నప్పుడే వేరుతో పెకలింపవలెను. కొన మాత్రము త్రుంచినచో వేరు లోపల బలియును. రావిచెట్టు పూజ్యమైనదే, కాని దాని స్థానము పిట్టగోడ కాదు.

పెరటిలోనికి వత్తము. వాకిటి వాలు ఇంటినుండి వెలుపలికి ఉండవలెను. ఏటేట ఎరువు, బూడిద, చెత్త చేరి పెరటి నేల ఎత్తగును. ఇల్లు పల్లమున పడును. ఒక బిందె నీరు గోడ ప్రక్కన పోసి అది ఎటు పోవునో చూచిన చాలును. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పగిలిన కుండలు బోర్లించవలెను. డెంగూ దోమ గ్రుడ్డునుండి రెక్కలు వచ్చు వరకు వారము పది దినములు చాలును. కావున ఇది వారమువారము చేయవలసిన పని.

పాడుపడిన గొట్టపుబావి మాట ఎత్తుటకు మనసు రాదు, ఎత్తక తప్పదు. మన ప్రాంతమున నీరు లోతునకు దిగి వేయి అడుగుల బోర్లు సామాన్యమైనవి. నీరు పడని బోర్లును అంతే సామాన్యము. 2019 అక్టోబరులో తిరుచిరాపల్లి జిల్లా మణప్పారై దగ్గర రెండేండ్ల పసివాడు ఇంటి ప్రక్క బోరులో పడినాడు. నాలుగు దినములు రాష్ట్రమంతయు ఎదురుచూచినది. బిడ్డ ప్రాణముతో రాలేదు. పనికిరాని బోరును అడుగునుండి నేలమట్టము వరకు మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చవలెనని 2010లోనే సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. పైన గోనె కప్పి రాయి పెట్టుట పూడ్చుట కాదు. మట్టి వానకు క్రుంగును గనుక, పూడ్చిన బోరును కూడ ప్రతి శరత్తున చూచి, క్రుంగినంత మేర మరల నింపవలెను. ఈ వ్యాసములో ఒక్కపనియే చేయుటకు వీలున్నదనువారు దీనినే చేయవలెనని మా ప్రార్థన.

మార్గశిరమున రాగి ఇంటికి వచ్చును; గాదె, కుండలు అంతకు ముందే ఖాళీచేసి ఎండకు పెట్టవలెను. రాగి చక్కగా ఎండినచో ఏండ్ల తరబడి నిలువయుండును, అందుకే మన పెద్దలు పాతరలలో దాచెడివారు. నేడు పాతరలు అరుదైనవి. ఉన్నవారు తెరచునప్పుడు తొందరపడరాదు. మూసిన పాతరలో ధాన్యము ఊపిరి విడిచి చెడుగాలి నిండును. మనిషి దిగిన క్షణములో స్పృహ తప్పును, రక్షింపబోయిన రెండవవాడును తప్పును. ఒక పగలంతయు తెరచియుంచి, దీపము దింపి చూచి, పైన మనుష్యులను నిలిపి, నడుమునకు త్రాడు కట్టుకొని దిగవలెను. కళ్ళము కూడ ఇప్పుడే చదును చేసి అలికించినచో మంచిది. రోడ్డుమీద రాగి వెన్నులు పరచి, వచ్చిపోవు లారీలచేత నూర్పించుట ఇటీవలి వాడుక. ధాన్యములో ఇసుక, దారిలో ప్రమాదము. మాకు ఇది సమ్మతము కాదు.

పనిముట్లకు వేరుగా దినము చూడనక్కరలేదు. మహానవమినాడు ఆయుధపూజ మనకు కలదు. కాని మొద్దుబారిన కొడవలికి కుంకుమ పెట్టి, పిడి ఊడిన పారకు పువ్వు పెట్టి పూజించుట తఱచు చూచుచున్నాము. ముందు పదును, పిమ్మట కుంకుమ. అష్టమినాడే కొడవలి, మచ్చుకత్తి సానబట్టి, పారకు గొడ్డలికి క్రొత్త పిడులు వేసి, ఇనుమునకు ఆముదము రాచి యుంచవలెను. ఈ పనిని పిల్లలకు అప్పగించి చూచిన, వారు సైకిలు గొలుసునకు కూడ నూనె వేసికొందురు.

నీరు ఇల్లు విడిచి పొలము చేరినది. గట్టు తెగినచోట్ల చేతులతో మట్టి వేసి త్రొక్కుట సరిపోదు. తెగిన అంచులను మెట్లుగా చెక్కి, తడిపొడిగా మట్టి వేసి దిమ్మిసతో కొట్టవలెను. అటుపైన చెరువు ఉన్నది. మరమ్మతు అను మాట అరబ్బీనుండి పారసీకము ద్వారా మనకు వచ్చినది. మన తమిళ సోదరులు దానికే కుడి అను మాట చేర్చి కుడిమరామత్తు అందురు, అనగా ఊరి కాపులు కలిసి చేయు మరమ్మతు. ఈ ఆచారము 1858లో మద్రాసు రాజధానికి చట్టమైనది. 2017లో తమిళనాడు ప్రభుత్వము అదే పేరుతో చెరువుల బాగుసేత ఆరంభించినది. ఆ సంవత్సరము నవంబరులోనే, 1950లలో కట్టిన మన కృష్ణగిరి ఆనకట్టకు ఒక తలుపు విరిగి, నిలువయున్న నీటిని దిగువకు విడువవలసి వచ్చినది. ఇనుప తలుపునకైనను వయసు కలదు.

పిల్లలకు ఏ పని ఇవ్వవలెనని అడుగువారికి: మట్టి త్రొక్కుట, పెంకులు లెక్కించుట, సుద్దతో గుర్తులు వ్రాయుట, బిందెడు నీరు పోసి వాలు చూచుట. పని చేయునప్పుడు ఆ వస్తువు పేరు చెప్పుడు. తమిళమున, కన్నడమున దానినేమందురో పొరుగువారినడిగి అదియు చెప్పుడు. మన ఊళ్ళలో మూడు భాషలును ఒకే గోడను పంచుకొన్నవి. సెలవుల పిమ్మట ఏడవ తరగతివారిని అదే ప్రశ్న మరల అడుగుదుము.

మా తూర్పు గోడను 2006లో మట్టితోనే తిరిగి కట్టించితిమి. మా తల్లిగారు ఇప్పుడు నడుము వంచలేరు. అరుగుమీద కూర్చుండి, ఇసుక చాలలేదు, గడ్డి పొడుగయినది అని చెప్పుచుందురు. ఈ వ్యాసము వ్రాయునప్పటికి రెండు పూతలు ఆరినవి. మూడవదానికి మట్టి నానుచున్నది. స్వాతికార్తె ప్రవేశించుటకు ఇంక ఆరు దినములున్నవి.